యూనెతా నిలబడిన వైపు

ఆల్డ్విన్ క్వాషీ తన ఇంటి కప్పు మీద ఏళ్ళ తరబడి ఊరికే పడివున్న టీవీ డిష్‌ను విప్పి కిందికి దించిన రోజున, పిచ్ రోడ్డు మీద పోయేవాళ్ళందరూ ఆగి తలా ఒక మాట అని పోయారు. డెబ్బై దాటిన మనిషి నిచ్చెన ఎక్కడం ఒక వింత. దించినదాన్ని పారేయకుండా పెరట్లో కూర్చుని సబ్బునీళ్ళతో కడిగి తుడుచుకోవడం ఇంకో వింత.

"ఏరా, అన్నం తినే పళ్ళాలు అరిగిపోయాయా?" అన్నాడు టాల్‌బాయ్ గేటు దగ్గర నిలబడి. అతని అసలు పేరు కార్లైల్ నోరీగా. టాల్‌బాయ్ అంటే పొడుగోడు. మనిషి మాత్రం పొట్టి. బళ్ళో పెట్టిన వెక్కిరింపు పేరు ముసలితనం దాకా వెంట వచ్చింది.

"వాయించే పాన్ చేస్తున్నా," అన్నాడు ఆల్డ్విన్.

"పాన్ పీపాతో చేస్తారు. ఆకాశంలో బొమ్మలు పట్టేదాంతో కాదు."

"ఇది కరెంటు పాన్."

టాల్‌బాయ్ గేటు తోసుకుని లోపలికి వచ్చి, డిష్ చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. "షాకు కొట్టి పోయావంటే నీ కుర్చీ నాది. ముందే చెప్తున్నా, తర్వాత మీ వాళ్ళెవరైనా వచ్చి గొడవ పెట్టుకోకూడదు."

"నాకెవరున్నార్రా గొడవకి రావడానికి," అన్నాడు ఆల్డ్విన్, తుడవడం ఆపకుండానే.

ట్రినిడాడ్ దీవికి దక్షిణాన ఉన్న లా బ్రేలో నేల ఒక చోట నిలవదు. అడుగున పిచ్, అంటే తారు ఉంది. అది ఎండకు మెత్తబడి, వానకు బిగిసి, ఎవరికీ చెప్పకుండా కదులుతూ ఉంటుంది. అక్కడ నిటారుగా ఉన్న ఇల్లు చూపించమంటే ఊరంతా తిరగాలి. ఆల్డ్విన్ ఇల్లు పడమటికి ఒరిగింది. బల్ల కాళ్ళ కింద చెక్కముక్కలు పెట్టినా, దాని మీద పెట్టిన మేకు దొర్లి కిందపడాల్సిందే. ఆ బల్ల మీదే అతను డిష్‌ను బోర్లా కాక వెల్లకిలా, గిన్నెలా నిలబెట్టి బిగించాడు.

పాన్ అంటే నూనె పీపా అడుగును సుత్తితో కొట్టి కొట్టి లోతు గిన్నెలా దింపి, ఆ గిన్నెలో ఒక్కో స్వరానికి ఒక్కో బుడిపె తీర్చిన వాద్యం. అంచు చుట్టూ పెద్ద బుడిపెలు, వాటివి బరువైన గొంతులు. మధ్యకు పోయేకొద్దీ చిన్నవి, సన్నటి గొంతువి. కొసలకు రబ్బరు చుట్టిన రెండు పుల్లలతో వాయిస్తారు. ఏ స్వరం పక్కన ఏ స్వరం కూర్చోవాలన్నదానికి ఇప్పుడు దీవి అంతటా దాదాపు ఒకటే వరస. ఆల్డ్విన్ పడుచుతనంలో అలా కాదు. పాన్ చేసేవాడి వరస వాడిది. పిచ్ రోడ్ సింఫొనెట్స్ అనే వాళ్ళ బృందానికి సీలీ అనే ముసలాయన పాన్లు చేసేవాడు. ఆయన స్వరాలను తన మనసుకు తోచినట్టు పరిచాడు. "నా దగ్గర నేర్చినవాడు ఇంకో బృందంలోకి దూకితే అక్కడ గుడ్డివాడే," అని పొట్ట కదిలేలా నవ్వేవాడు.

ఆ నవ్వు చివరికి ఆల్డ్విన్‌కి తగిలింది. సీలీ పోయాడు. సింఫొనెట్స్ చెదిరిపోయింది. వాయించేవాళ్ళలో కొందరు పైలోకానికీ, కొందరు పై ఊళ్ళకూ పోయారు. పాన్లు తుప్పుపట్టి, కొన్ని కుంపట్లయ్యాయి. సీలీ వరసలో ఉన్న పాన్ ఈ భూమి మీద ఒక్కటీ మిగల్లేదు. ఆ వరస తెలిసిన చేతులు మిగిలాయి, ఒక జత.

ఆ చేతుల్లో ఒక పాట ఉంది. ఈస్టర్ పొద్దుటి చర్చి పూజ కోసం సీలీ సొంతంగా కట్టిన కీర్తన. ముందు వరసలోని రెండు పాన్లకు దాన్ని పంచాడు. ఒకటి అడుగుతుంది, ఒకటి జవాబిస్తుంది. అడిగేది ఆల్డ్విన్, జవాబు చెప్పేది ఎదురు పాన్ ముందు నిలబడే యూనెతా. సీలీకి రాత రాదు. చేతిలోంచి చేతిలోకి నేర్పాడు. ఎవరూ రికార్డు చేయలేదు. అప్పుడు అది ఎప్పటికీ ఉండే పాటే కదా అనుకున్నారు.

నిరుడు కెటురా బాప్టిస్ట్ అనే బడిపంతులమ్మ పిల్లల్ని, పెద్దల్ని పోగుచేసి కొత్త బృందం పెట్టింది. సింఫొనెట్స్ వాయించిన పాత రేకుల షెడ్డునే బాగుచేయించింది. ఈ నెలాఖరు ఆదివారం మధ్యాహ్నం దాని ప్రారంభం. "పాతవాళ్ళు ఏదైనా ఒకటి వాయించాలి అంకుల్, లేకపోతే ఆ షెడ్డు మమ్మల్ని క్షమించదు," అంది. ఆల్డ్విన్ ఆమె పాన్ ముందు నిలబడి సీలీ పాట ఎత్తుకున్నాడు. మెదడు ఒక చోటికి వెళ్ళమంటే చేయి అలవాటైన ఇంకో చోటికి పోయింది. తన ఇంట్లో తానే చీకట్లో గోడలు తడుముకున్నట్టయింది. పుల్లలు కింద పెట్టేశాడు.

"మీ వరస పోయిందని పాట పోవాలా?" అంది కెటురా. "మీరు తారు ఫ్యాక్టరీలో మీటర్లు బాగుచేసినవాళ్ళు కదా. మిడి కంట్రోలర్ ఒకటి చేసుకోండి, ఎక్కడ కొట్టారో కంప్యూటర్‌కి చెప్పే పరికరం. దాంట్లో ఏ స్వరాన్ని ఎక్కడ పెట్టినా అడిగేవాడు లేడు. శబ్దం నేనిస్తాను, నా పాన్ మీద ఒక్కోటీ కొట్టి రికార్డు చేసి. చోటు మీరు పెట్టుకోండి."

అదీ డిష్ కిందికి దిగడం వెనక ఉన్న కథ. ఆ ఆదివారం ఆ పాట ఒక్కసారి పదిమంది చెవిన పడకపోతే, అది తనతోపాటు లా బ్రే మట్టిలోకి పోతుంది. ఆ మట్టిలోకి పోయింది ఎప్పుడో ఒకప్పుడు పైకి తేలుతుందని ఊళ్ళో సామెత. కానీ పాట తేలదు. ఆల్డ్విన్‌కి ఆ సంగతి తెలుసు.

పొద్దున్నే జపమాల ముగించి, కోకో టీ తాగి, పనికి కూర్చునేవాడు. ముందు డిష్ లోపల బొగ్గుముక్కతో గీతలు గీశాడు. ఏ బుడిపె ఎక్కడో కళ్ళు మూసుకుని తెచ్చుకున్నాడు. అతను భయపడినంత కష్టం కాలేదు. బొమ్మ తెల్లగా, స్పష్టంగా, స్వరాల ఇంగ్లీషు అక్షరాలతో సహా వచ్చి కళ్ళ ముందు నిలబడింది. సి ఇక్కడ, దాని పక్కన ఎఫ్, ఆ మూలకి ఎ. చూసి ఎత్తి రాసినట్టు రాశాడు. ముసలితనంలో దేవుడు ఒకటి తీసుకుంటే ఒకటి ఉంచుతాడని సంతోషించాడు.

హవాయి చెప్పులు కత్తిరించి, స్వరానికొక రబ్బరు ముక్క చేసి, దాని మీద దాని అక్షరం రాశాడు. ప్రతి ముక్క కిందా ఒక పల్చటి ఇత్తడి బిళ్ళ. దాన్ని తడితే చీమ కుట్టినంత కరెంటు పుడుతుంది. ఆ బిళ్ళల్లోంచి తీగలు వెనక ఉన్న చిన్న బోర్డుకు పోతాయి, బోర్డు నుంచి లాప్‌టాప్‌కి. మొదట్లో ఒక ముక్కను కొడితే పక్కవి కూడా పలికాయి. డిష్ రేకు అదురు మొత్తం పాకి పోతోంది. ముక్క ముక్కకీ కింద మెత్తటి స్పాంజి పరిచి, రేకుకీ రబ్బరుకీ పొత్తు లేకుండా చేసేసరికి వారం పట్టింది. టంకం పెడుతుంటే చుక్క జారి, ఒరిగిన బల్ల మీద దొర్లి, ఎప్పుడూ అదే మూలకి పోయేది.

టాల్‌బాయ్ వచ్చి చూసి అడిగాడు. "అయితే పాట ఈ తీగలోంచి పోతుందా?"

"పాట పోదు. కబురు పోతుంది. ఏ చోట కొట్టాను, ఎంత గట్టిగా కొట్టాను. అంతే. శబ్దం చేసేది అవతల ఉన్నది."

"అవతలది వినకపోతే?"

"వినకపోతే ఇక్కడ చెప్పు ముక్కని కొట్టిన చప్పుడే."

టాల్‌బాయ్ నవ్వాడు గానీ, అతను పోయాక ఆల్డ్విన్ ఆ మాట దగ్గరే చాలాసేపు ఉండిపోయాడు. తాను పొద్దున్నే జపమాలతో చేసేదీ అంతేనా? ఇక్కడి నుంచి కబురు పోతుంది. అవతల ఏ స్వరంగా పలుకుతోందో ఇవతలవాడికి వినిపించదు. యూనెతా కూడా అలాగే పంపింది, వేరే తీగ మీద.

యూనెతా అతని భార్య. పోయి రెండేళ్ళు కావస్తోంది. వాళ్ళిద్దరూ కలిసింది ఆ రేకుల షెడ్డులోనే. ఆమె ఆలస్యంగా వచ్చి చేరింది, ఏ స్వరం ఎక్కడో తెలియదు. సీలీ ఆమె పాన్‌ను ఆల్డ్విన్ పాన్‌కి ఎదురుగా పెట్టి, "నువ్వే చూసుకో," అన్నాడు. సాధన మొదలయ్యే ముందు ఆల్డ్విన్ సుద్దముక్క తీసుకుని, తన చోటు నుంచే ముందుకు వంగి, ఆమె పాన్ మీద స్వరాల పేర్లు రాసిపెట్టేవాడు. సాధన అయ్యేసరికి పుల్లల దెబ్బలకు సుద్ద చెరిగిపోయేది. మర్నాడు సాయంత్రం మళ్ళీ రాసేవాడు. ఆ రాతలోనే మాటలు కలిశాయి. పెళ్ళయింది. పెళ్ళయ్యాక కూడా రాస్తూనే ఉన్నాడు.

పిల్లలు కలగలేదు. ఒకరోజు ఉన్నట్టుండి యూనెతా రోడ్డుకు అవతలి ప్రార్థన మందిరంలో రక్షణ పొందానని చెప్పింది. సముద్రంలో బాప్తిస్మం తీసుకుంది. ఆ మందిరంలో పాన్ లోకసంబంధమైంది, వీధి చిందుల కార్నివాల్ పండగ సొత్తు. ఆమె పాన్‌ను ఇంటికి మోసుకొచ్చి పెరట్లో పెట్టి కోళ్ళకు నీళ్ళు పోసింది. కోళ్ళు అందులో ముక్కులు ముంచుతుంటే సన్నగా మోగేది, ఎవరో దూరాన సాధన చేస్తున్నట్టు.

ఆ తర్వాత వాళ్ళు కొట్లాడుకోలేదు. కలిసి తిన్నారు, జ్వరం వస్తే ఒకరికొకరు గంజి కాచుకున్నారు. ఆదివారం ఆమె ఒక వైపుకి, అతను ఇంకో వైపు తన పాత కేథలిక్ చర్చికి ప్రార్థనకు పోయేవారు. అతను మాత్రం షెడ్డులో ఖాళీ చోటు ముందు నిలబడి, అడిగే స్వరాలు వాయించి, జవాబు రావలసినంతసేపు ఊరుకుని, మళ్ళీ అడిగేవాడు. ఒంటరితనం అతనికి ఆమె పోయాక వచ్చింది కాదు. ఆమె పోయాక దానికి ఇల్లంతా చోటు దొరికింది, అంతే. పాటలో ఏం పాపముందో ఆమెను ఒక్కసారైనా అడగవలసింది. దేవుణ్ణి అడిగాడు. ఆయన తొందరపడి జవాబు చెప్పేవాడు కాదు.

డిష్ తయారైన పొద్దున, స్పీకరు తగిలించి, ఒక్కో ముక్కనూ తట్టి చూశాడు. ప్రతిదీ పలికింది. రాసిన అక్షరానికి రాసిన స్వరమే వచ్చింది. మెల్లగా కొడితే మెల్లగా, గట్టిగా కొడితే గట్టిగా. సిలువ గుర్తు వేసుకుని, పుల్లలు రెండూ ఎత్తి, కళ్ళు మూసుకుని, సీలీ పాట మొదలుపెట్టాడు.

వచ్చింది పాట కాదు. సందులో డబ్బాలు తన్నుకుంటూ పోయినట్టుంది.

మళ్ళీ వాయించాడు. అంతే. కళ్ళు తెరిచి వాయిస్తే ఇంకా అన్యాయం. తీగలు తప్పుగా తగిలించానేమోనని ఒక్కొక్కటీ విప్పి చూశాడు. బోర్డు పంపే అంకెలు చూశాడు. ఎక్కడా తప్పు లేదు. అంచున పెద్దవి, మధ్యన చిన్నవి, అన్నీ ఉండవలసినట్టే ఉన్నాయి. తప్పు యంత్రంలో లేకపోతే ఇక ఉన్నది మనిషిలోనే. మధ్యాహ్నం దాకా అలాగే కూర్చున్నాడు. కెటురా పాన్ మీద రాకపోతే వరస వేరు కదా అని సర్దిచెప్పుకున్నాడు. ఇప్పుడు సొంత వరస మీదే రాలేదు. చేతులు మరిచిపోయాయి. లేదా, వాటికి ఎప్పుడూ తెలియదేమో. ఎదురుగా ఆవిడ ఉండబట్టి వచ్చినట్టు అనిపించిందేమో.

సాయంత్రం కెటురాకి ఫోన్ చేశాడు. "ఆదివారం నన్ను లెక్కలో పెట్టుకోకమ్మా."

"ఏమైంది అంకుల్? పని చేయట్లేదా?"

"అది బాగానే పని చేస్తోంది. నేనే పని చేయట్లేదు."

"నేను రానా?"

"వద్దమ్మా. నువ్వొచ్చినా వినడానికి ఏం లేదు."

రెండు రోజులు పూజకు తప్ప బయటికి రాలేదు. పూజలో కూడా ఏమీ అడగలేదు. మూడో రోజు మధ్యాహ్నం టాల్‌బాయ్ పెలావ్ గిన్నె పట్టుకుని వచ్చాడు. బియ్యం, కోడిమాంసం, కందిగింజలు కలిపి చక్కెర మాడ్చి వండిన పెలావ్. వాసనకు పక్కింటి కుక్క కూడా గేటు దాకా వచ్చి కూర్చుంది.

"మా ఆవిడ పంపింది. నువ్వు బతికున్నావో లేదో చూసి రమ్మంది. బతికుంటే గిన్నె వెనక్కి తెమ్మంది."

"అక్కడ పెట్టు."

"ఈ బల్ల మీద పెడితే అదే నడిచి మా ఇంటికి వెళ్ళిపోతుంది." టాల్‌బాయ్ గిన్నె ఒళ్ళో పెట్టుకుని, బల్లకు అవతలి వైపున్న ఒకే ఒక్క కుర్చీలో కూలబడ్డాడు. చెంచాతో తింటూ డిష్‌లోకి తొంగి చూశాడు. "ఇంతకీ యూనెతాది ఎందుకు చేశావు? నీది చేసుకోవాలి గానీ."

"ఏంటి?"

"ఇది యూనెతా పాన్ కదరా. నేను మూడేసి స్వరాల బరువు పీపాలు కొట్టేవాణ్ణి, ఆవిడ వెనకాలే నిలబడేవాణ్ణి. ఆవిడ భుజం మీంచి రోజూ చూసిందే. ఇదిగో, ఇక్కడ కుడిచేతి దగ్గర సి. అక్షరాలు కూడా అలాగే తలకిందులుగా రాశావు."

ఆల్డ్విన్ అతని ముఖంలోకి చూస్తూ ఉండిపోయాడు.

"అట్లా చూడకు, తినలేను," అన్నాడు టాల్‌బాయ్. "నువ్వెప్పుడైనా ఆవిడ వైపు తిప్పి రాశావా? నీ చోటు నుంచి వంగి నీకు సూటిగా ఉండేట్టు రాసేవాడివి. పాపం ఆవిడ తల వంచి, మెడ తిప్పి, అన్నీ తలకిందులుగా చదువుకునేది. మేము వెనక నవ్వుకునేవాళ్ళం."

"నాకు చెప్పలేదే."

"ఎవరు, ఆవిడా? మొదటి కార్నివాల్ అయ్యేసరికే ఆవిడకి అక్షరాలు అక్కర్లేదురా. నువ్వు వంగి రాస్తుంటే నీ నడినెత్తిన జుట్టు ఎక్కడిదాకా ఊడిందో చూసుకునేది."

ఆల్డ్విన్ బల్ల అంచు పట్టుకున్నాడు. కళ్ళు మూసుకుంటే తెల్లగా వచ్చి నిలబడిన బొమ్మ ఇప్పుడు ఏమిటో తెలిసింది. తన పాన్ మీద తాను ఏనాడూ అక్షరాలు రాసుకోలేదు. దాన్ని చేతులకు వదిలేశాడు, కళ్ళతో చూడనేలేదు. ఏళ్ళకేళ్ళు రోజూ చూసింది, రోజూ రాసింది ఎదుటి పాన్. ఇప్పుడు స్వరాలు ఎక్కడున్నాయని అడిగితే కళ్ళు తమకు తెలిసిందే చెప్పాయి. అవతలి వైపు నుంచి చూసిన యూనెతా పాన్‌ను, సుద్ద అక్షరాలతో సహా.

"దానికేముంది," అన్నాడు టాల్‌బాయ్ చెంచా నాకుతూ. "పళ్ళాన్ని ఇటుది అటు తిప్పు."

నిజమే. నాలుగు మరలు విప్పి తిప్పితే అయిపోతుంది. తిప్పకపోయినా లాప్‌టాప్‌లో స్వరాల అంకెలు మార్చుకుంటే చాలు, పూట పని. ఆల్డ్విన్ ఆ నాలుగు మరల వైపు చూశాడు. స్క్రూడ్రైవర్ చేతికి అందేంత దూరంలోనే ఉంది.

"లే," అన్నాడు.

"ఎక్కడికి?"

"కుర్చీలోంచి లే. అక్కడ నిలబడాలి నేను."

బల్ల చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళాడు. అక్షరాలు తలకిందులయ్యాయి. కళ్ళు మూసుకుని పుల్లలు ఎత్తాడు. మొదటి స్వరం, రెండోది, తర్వాత చేయి దానంతటదే ఎడమకు దూకి అంచున దిగింది. పాట వచ్చింది. వేళ్ళు బిగుసుకుపోయి అక్కడక్కడ తడబడినా, వచ్చింది పాటే. సీలీ పాటే. టాల్‌బాయ్ నోట్లో పెట్టుకున్న ముద్ద నమలడం మరిచిపోయాడు. చివరిదాకా విని, గిన్నె మూత పెట్టి, "కొంచెం ఉంచాను, తిను," అని మాత్రం అని వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు గిన్నె అడగలేదు.

ఆదివారం మధ్యాహ్నం షెడ్డు నిండా జనం. కొత్త రేకులు, కొత్త రంగు, వేపుడు చేపల వాసన, పిల్లల గోల. కెటురా డిష్‌ను ఇనుప కాళ్ళ మీద నిలబెట్టించి, అతనికి జనం కనిపించేట్టు కుర్చీలకు ఎదురుగా చోటు చూపించింది.

"ఇక్కడ కాదమ్మా," అన్నాడు ఆల్డ్విన్. షెడ్డు మధ్యకు నడిచి, స్తంభాన్నీ వాలునీ చూసుకుని, కాలితో నేల మీద ఒక చోటు చూపించాడు. "అది ఇక్కడ. నేను అవతల."

"అలాగైతే మీరు జనానికి పక్కకి తిరిగి ఉంటారు అంకుల్."

"పాట వాళ్ళకి సూటిగానే ఉంటుందిలే."

యూనెతా నిలబడిన చోట నిలబడి తల ఎత్తాడు. ముందు డిష్, దాని అవతల తాను ఎన్నో ఏళ్ళు నిలబడిన చోటు. అక్కడ ఇప్పుడెవరూ లేరు. ఆ ఖాళీ మీదుగా చూపు నేరుగా షెడ్డు దాటింది, రోడ్డు దాటింది, ప్రార్థన మందిరం తలుపు దగ్గర ఆగింది. తలుపు తెరిచి ఉంది. లోపల తెల్లబట్టల వాళ్ళు ఇద్దరు బెంచీలు తుడుస్తున్నారు. ఎండ వాళ్ళ మోకాళ్ళ దాకా పడుతోంది.

ఆ తలుపుకు తాను వీపు పెట్టి నిలబడ్డాడు, ఆ ఏళ్ళన్నీ. అక్కడ మందిరం ఉందని తెలుసు గానీ అది ఇంత దగ్గరని తెలియదు. ఆమె ఉన్నట్టుండి వెళ్ళిపోయిందనుకున్నాడు. ఇక్కడ నిలబడితే ఉన్నట్టుండి అన్నదే కుదరదు. ప్రతి సాయంత్రం ఆమె తల ఎత్తినప్పుడల్లా రెండు కనిపించాయి. సుద్దముక్క పట్టుకుని వంగిన మనిషి ఒకడు, వాడి వెనక తెరిచిన తలుపు ఒకటి. మనిషి తలకిందులుగా రాస్తున్నాడు. తలుపులోంచి ఏం వినిపించిందో. ఆమె ఎంతకాలం రెంటినీ కలిపి చూసిందో, ఎవరు చెప్పగలరు.

"అంకుల్," అంది కెటురా మెల్లగా. "మొదలుపెడతారా?"

వాయించాడు. అడిగే స్వరాలన్నీ వాయించి, జవాబు రావలసిన చోట పుల్లలు ఎత్తి పట్టుకుని ఆగాడు. జనం అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టారు. అతను మళ్ళీ వాయించేసరికి నాలిక కరుచుకుని ఊరుకున్నారు. రెండోసారి ఆగినప్పుడు కొట్టలేదు. మూడోసారి ఆగినప్పుడు షెడ్డులో పిల్లలు కూడా మాట్లాడలేదు. ఎవరికోసమో ఆగుతున్నాడని మాత్రం అందరికీ తెలిసినట్టుంది.

అయ్యాక కెటురా దగ్గరికి వచ్చింది. "మధ్యలో ఆ ఖాళీలు ఏంటి అంకుల్?"

"ఖాళీలు కావమ్మా. యూనెతా వంతు అది."

"ఆ వంతు మీకు రాదా?"

"నా చేతులకి రాదు."

"మీ వంతు నేర్చుకుంటాను నేను. మా వరసలోకి మార్చుకుని. నేర్పుతారా?"

"రేపు సాయంత్రం రా," అన్నాడు. అతని వంతుకు ఇక భయం లేదు. అది ఇంకో జత చేతుల్లోకి పోతుంది. అడిగే స్వరాలు మిగులుతాయి.

జనం తిండి దగ్గరికి కదిలారు. టాల్‌బాయ్ అప్పటికే రెండు ఆకుల ముందు ఒకేసారి నిలబడి ఇద్దరితో తగువు పెట్టుకుంటున్నాడు. షెడ్డు ఖాళీ అయింది. ఆల్డ్విన్ పుల్లలు సంచిలో పెట్టబోయి, ఒకటి చేతిలో ఉంచుకున్నాడు. డిష్ చుట్టూ తిరిగి తన పాత చోటికి వచ్చాడు. వీపు వెనక రోడ్డు, మందిరం. ముందు అక్షరాలు సూటిగా నిలబడ్డాయి, తాను సుద్దతో రాసినప్పటిలాగే.

ఇటునుంచి తన చేతులకు ఏమీ తెలియదు. కానీ కళ్ళకు తెలుసు. ఆమె కుడిచేయి ముందు అక్కడ దిగేది, ఆ దూరపు అంచున. ఎడమచేయి దాన్ని దాటి లోపలికి వచ్చేది. ఉంగరం మీద దీపం మెరిసేది. అతను ఒంటి పుల్లతో, పలక మీద దిద్దుకునే పిల్లవాడిలా, ఆమె పుల్ల పడిన చోటల్లా ఒక్కోటీ తట్టాడు. స్పీకరు ఇంకా ఆన్‌లోనే ఉంది. మొదటి జవాబు వచ్చింది. మెల్లగా, తాళం లేకుండా, కానీ అదే. ఇన్నేళ్ళ తర్వాత విన్నాడు.

దీనికి తన ప్రశ్న కలవాలంటే అవతల ఉండాలి. జవాబు కావాలంటే ఇవతల ఉండాలి. ఒక్క మనిషి రెండు వైపులా నిలబడలేడు. లాప్‌టాప్‌లో ఒకటి దాచి ఇంకోటి వాయించొచ్చని కెటురా చెబుతుంది, తప్పకుండా చెబుతుంది. చూద్దాం. దాచినది జవాబిస్తుంది గానీ, తల ఎత్తి చూడదు.

రెండో జవాబు కోసం పుల్ల ఎత్తేసరికి వెనక మందిరంలో సాయంత్రపు కీర్తన మొదలైంది. ఆడగొంతులు, చప్పట్లు. అతను వెనక్కి తిరగలేదు. పుల్లను అలాగే గాలిలో పట్టుకుని, తల కొద్దిగా వంచి, వాళ్ళ పాట అయ్యేదాకా ఆగాడు. అయ్యాక, తాను ఎక్కడ ఆపాడో అక్కడి నుంచి, ఆ దూరపు అంచున మళ్ళీ తట్టాడు.